బ్యాటరీ నుంచి బండి దాకా: షెంజెన్, షియాన్ ప్రయాణం

ఆదివారం, హైదరాబాద్

శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు కావాలనే పుష్పక్ బస్సెక్కాను. ఆ ఎలక్ట్రిక్ బస్సుకూ నేను వెళ్తున్న ఊరికీ చుట్టరికం ఉంది. 2019లో హైదరాబాద్ రోడ్ల మీదికి వచ్చిన 40 ఎలక్ట్రిక్ పుష్పక్‌లను అందించింది ఇక్కడి ఒలెక్ట్రా కంపెనీయే. వాటి బ్యాటరీ, మోటారు వెనకున్న సాంకేతికత మాత్రం చైనాలోని షెంజెన్ నగరం నుంచి వచ్చింది, బీవైడీ అనే కంపెనీది. తిరుమల ఘాట్ రోడ్డు మీద 2022 సెప్టెంబరు నుంచి తిరుగుతున్న ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు కూడా ఒలెక్ట్రావే.

నాకు విజయవాడ ఆటోనగర్‌లో కార్ల షెడ్డు ఉంది. మారుతి 800 కార్బొరేటర్ విప్పి పెట్రోలుతో కడగడం నా మొదటి పని. ఈ మధ్య షెడ్డుకు ఎలక్ట్రిక్ కార్లు రావడం మొదలైంది. బోనెట్ ఎత్తితే ఇంజను ఉండాల్సిన చోట నారింజ రంగు కేబుళ్లు, మూత వేసిన పెట్టెలు. కుర్రాళ్లు దగ్గరికెళ్లడానికే భయపడుతున్నారు. ఈ బళ్లు చేసేవాళ్లు ఎక్కడ మొదలయ్యారు, ఏం విప్పి ఏం నేర్చుకున్నారు అనేది కళ్లారా చూడాలని చాన్నాళ్లుగా ఉంది. మేనల్లుడు షెంజెన్‌లో ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పనిచేస్తున్నాడు. "రా మావయ్యా, భాష సంగతి నేను చూసుకుంటా, సెలవు కూడా పెడతా" అన్నాడు. వీసా చేతికి రాగానే బయల్దేరాను.

సోమవారం, షెంజెన్

హాంకాంగ్‌లో దిగి వెస్ట్ కౌలూన్ స్టేషన్‌కు వెళ్తే, హాంకాంగ్ ఇమిగ్రేషను, చైనా ఇమిగ్రేషను రెండూ అక్కడే అయిపోతాయి. అక్కడి నుంచి హైస్పీడ్ రైల్లో పావుగంటలో షెంజెన్‌లోని ఫుతియాన్ స్టేషన్. స్టేషను భూమి లోపల ఉంది. ఎస్కలేటర్ మీద పైకి రాగానే పెద్ద రోడ్డు, నిండా బళ్లు. అంత ట్రాఫిక్‌కు ఉండాల్సిన రొద లేదు. టైర్ల చప్పుడే వినబడుతోంది. డీజిలు వాసన లేదు. కార్లలో చాలావాటికి ఆకుపచ్చ నంబరు ప్లేట్లు. మన దగ్గర లాగే అక్కడా కరెంటు బళ్లకు ఆకుపచ్చే. ప్లగ్గు పెట్టి ఛార్జ్ చేసే హైబ్రిడ్‌లకు కూడా అదే రంగు ఇస్తారని మేనల్లుడు చెప్పాడు.

హోటల్లో సామాను పడేసి నేరుగా బస్టాపులో నిలబడ్డాను. వచ్చినవన్నీ ఎలక్ట్రిక్ బస్సులే. 2017 చివరికే ఈ నగరంలోని సిటీ బస్సులన్నీ, మొత్తం 16,359, ఎలక్ట్రిక్‌వి అయిపోయాయి. ఇంత పెద్ద నగరం బస్సులన్నిటినీ ఇలా మార్చడం ప్రపంచంలో అదే మొదటిసారి. వాటిలో ఎక్కువ బీవైడీవే. కంపెనీ 2010 ప్రాంతంలో తెచ్చిన కె9 అనే 12 మీటర్ల బస్సుతో ఈ కథ మొదలైంది. 2011లో షెంజెన్‌లో ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడలు జరిగినప్పుడు వీటిని జనం ముందుకు తెచ్చారు. మెకానిక్‌గా నాకు కె9లో నచ్చేది వెనక యాక్సిల్. చక్రాల పక్కనే మోటార్లు బిగించారు. ప్రొపెల్లర్ షాఫ్టు లేదు, మధ్యలో డిఫరెన్షియల్ హౌసింగ్ లేదు. ఆ జాగా అంతా కలిసొచ్చి బస్సు ఫ్లోరు కిందికి దిగింది, ముసలాళ్లు మెట్టెక్కే పని లేకుండా పోయింది.

ఇదంతా ఒక్క కంపెనీ గొప్పతనం అని చెబితే తప్పవుతుంది. 2009 నుంచి చైనా ప్రభుత్వం కొన్ని నగరాలను ఎంచుకుని ఎలక్ట్రిక్ బళ్లకు భారీగా సబ్సిడీ ఇచ్చింది. షెంజెన్ నగరపాలక వ్యవస్థ తన వంతు డబ్బు కలిపింది, డిపోల్లో ఛార్జర్లు పెట్టించింది. పైగా 2014 చివర్లో షెంజెన్‌లో కొత్త కార్ల నంబర్లకు పరిమితి పెట్టి, లాటరీలు, వేలాలు మొదలుపెట్టారు. ఎలక్ట్రిక్ కారుకైతే నంబరు తేలిగ్గా దొరుకుతుంది. సర్కారు ఇలా దారి వేస్తే బండి ఉన్న కంపెనీ ముందుకు దూసుకుపోయింది. అప్పటికే బండి సిద్ధంగా ఉంచుకోవడం మాత్రం ఆ కంపెనీ కష్టమే.

సాయంత్రం ఫోనులో బుక్ చేస్తే డీ1 అనే కారు వచ్చింది. 2020లో దీదీ అనే ట్యాక్సీ యాప్ కంపెనీతో కలిసి, అచ్చంగా ట్యాక్సీ కోసమే బీవైడీ తయారుచేసిన బండి ఇది. ప్రయాణికుడు ఎక్కే కుడివైపు తలుపు వెనక్కి జరుగుతుంది. రోడ్డు మీద వెనక నుంచి సైకిలువాడొచ్చి తలుపుకు గుద్దుకునే ప్రమాదం లేదు. ఆ తలుపు పట్టాను వంగి చూశాను. దుమ్ము లేదు, గ్రీజు తాజాగా ఉంది. డ్రైవరు నా వైపు అనుమానంగా చూస్తుంటే మేనల్లుడు ఏదో సర్దిచెప్పాడు.

ఇదే నగరంలో 2012 మేలో ఘోరం జరిగింది. రాత్రివేళ అతివేగంగా వచ్చిన ఓ స్పోర్ట్స్ కారు బీవైడీ ఈ6 ట్యాక్సీని గుద్దింది. ట్యాక్సీకి నిప్పంటుకుని లోపలున్న ముగ్గురూ చనిపోయారు. బ్యాటరీ పేలలేదనీ, గుద్దిన దెబ్బకు హైవోల్టేజ్ లైన్లు షార్టయి మంటలొచ్చాయనీ దర్యాప్తు చేసిన నిపుణులు తేల్చారు. ఆ ముగ్గురి కుటుంబాలకు ఆ తేడాతో ఒరిగేదేం లేదు. ఎలక్ట్రిక్ బండి అంటే కొనేవాడికి మొదట కలిగే టెన్షన్ మాత్రం నిప్పు గురించే. ఆ భయానికి వీళ్లు చెప్పుకున్న సమాధానం మర్నాడు చూశాను.

మంగళవారం, హువాచియాంగ్‌బెయ్

హువాచియాంగ్‌బెయ్ అంటే షెంజెన్‌లో ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు. అంతస్తుల మీద అంతస్తులు, చిన్న చిన్న కౌంటర్లు. ఒక కౌంటర్లో ఫోను బ్యాటరీలు చీట్లపేకల్లా పేర్చి ఉన్నాయి. బీవైడీ కథ మొదలైంది కార్లతో కాదు, ఇలాంటి ఫోను బ్యాటరీలతోనే.

వ్యవస్థాపకుడు వాంగ్ చువాన్‌ఫు 1966లో ఆన్‌హుయ్ రాష్ట్రంలో రైతు కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోతే అన్నావదినలు కష్టపడి చదివించారు. చాంగ్షాలో లోహశాస్త్రం చదివాడు, బీజింగ్‌లోని నాన్‌ఫెర్రస్ లోహాల పరిశోధన సంస్థలో పైచదువు పూర్తిచేసి అక్కడే పరిశోధకుడయ్యాడు. 1995 ఫిబ్రవరిలో ఆ ఉద్యోగం వదిలేసి, లూ షియాంగ్‌యాంగ్ అనే బంధువు పెట్టిన 25 లక్షల యువాన్లతో షెంజెన్‌లో కంపెనీ తెరిచాడు. పనివాళ్లు 20 మంది. అప్పట్లో సెల్‌ఫోను బ్యాటరీల వ్యాపారం జపాన్ చేతిలో ఉంది. వాళ్ల ఆటోమేటిక్ లైను కొనాలంటే వీళ్ల పెట్టుబడి ఏ మూలకూ చాలదు.

నా ఉద్దేశంలో ఈ కంపెనీ చరిత్రంతటికీ మూలం ఇప్పుడు చెప్పబోయే పనే. వాంగ్ ఆ లైను చేసే పనిని చిన్న చిన్న పనులుగా విడగొట్టాడు. ఒక్కో పనికి ఒక్కో మనిషిని కూర్చోబెట్టి, చేతి కింద జిగ్గు పెట్టాడు. ఆటోనగర్‌లో పనిచేసినవాడికి జిగ్గంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ముక్కను అందులో పెడితే పక్కకు జరగదు, రంధ్రం ఎప్పుడూ అదే చోట పడుతుంది. కొత్తగా చేరిన కుర్రాడు కూడా పాతికేళ్ల అనుభవమున్న మేస్త్రీలా సరిగ్గా కొడతాడు. లారీ బాడీలు కట్టే మా వీధిలో తలుపు ఫ్రేములన్నీ అలాగే చేస్తారు. మనిషికి మంచి జిగ్గు ఇస్తే యంత్రం చేసే పని చేయించొచ్చని వాంగ్ నమ్మకం. లిథియం సెల్లుకు తేమ, దుమ్ము తగలకూడదు. గది మొత్తాన్ని పొడిగా, శుభ్రంగా ఉంచే ఖర్చు భరించలేక, చేతులు దూర్చి పనిచేసే మూసిన పెట్టెలు వాడారు. 2000లో మోటరోలా, 2002లో నోకియా వీళ్ల దగ్గర బ్యాటరీలు కొన్నాయి. జపాన్‌కు చెందిన సాన్యో, సోనీ పేటెంట్ల మీద కేసులు వేశాయి. 2005 నాటికి ఒకటి రాజీతో ముగిసింది, రెండోది బీవైడీ నెగ్గింది.

సాయంత్రం ఓ మాల్‌లోని షోరూముకు వెళ్లాం. బట్టల కొట్ల మధ్య కార్ల కొట్టు. నేను కార్లు చూడకుండా గోడ దగ్గర పెట్టిన బ్లేడ్ బ్యాటరీ నమూనా దగ్గరే నిలబడ్డాను. ఒక్కో సెల్లు పొడవు 96 సెంటీమీటర్లు, ఎత్తు 9, మందం సెంటీమీటరున్నర కూడా లేదు. పొడవాటి అల్యూమినియం పట్టీలా ఉంది. వేలితో మీటితే గట్టిగా ఉంది, వంగే రకం కాదు. ఇలాంటివి వరసగా నిలువునా పేర్చి, పైనా కిందా రేకు అంటించేస్తే సెల్లులే ప్యాకుకు దూలాల్లా పనిచేస్తాయి. మామూలుగా సెల్లుల్ని మాడ్యూల్ డబ్బాల్లో పెట్టి, ఆ డబ్బాల్ని పెద్ద డబ్బాలో పెడతారు. బ్లేడ్‌లో మధ్య డబ్బాలు లేవు. అంతే జాగాలో సగానికి సగం ఎక్కువ సరుకు పడుతుందని కంపెనీ లెక్క.

దీని వెనక పెద్ద తర్జనభర్జన నడిచింది. బీవైడీ మొదట్నుంచీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే బ్యాటరీ రసాయనం మీద నమ్మకం పెట్టుకుంది. ఇందులో కోబాల్టు, నికెలు అక్కర్లేదు, వేడికి తట్టుకుంటుంది. కానీ అదే బరువుకు తక్కువ కరెంటు పడుతుంది. 2016 తర్వాత చైనా సబ్సిడీలు కిలోకు ఎక్కువ కరెంటు పట్టే బ్యాటరీల వైపు మొగ్గాయి. పోటీ కంపెనీలు నికెలు, కోబాల్టు రకానికి మారాయి. బీవైడీ కూడా కొన్ని మోడళ్లలో మారింది. 2019లో సబ్సిడీలు కోసేశాక అమ్మకాలు పడిపోయాయి. ఆ గడ్డు రోజుల్లోనే పాత రసాయనాన్ని కొత్త ఆకారంలో తీర్చిదిద్ది 2020 మార్చిలో బ్లేడ్ పేరుతో విడుదల చేశారు. సెల్లుకు మేకు దించి చూపించారు. నికెలు రకం సెల్లు భగ్గున మండి 500 డిగ్రీలు దాటితే, బ్లేడ్ పైభాగం 60 డిగ్రీలు దాటలేదు. పరీక్ష కంపెనీ సొంతంగా చేసి చూపించిందే, నిజం. కానీ ఐరన్ ఫాస్ఫేట్ అంత త్వరగా అంటుకోదన్నది రసాయనం తెలిసిన అందరూ ఒప్పుకునే మాట. ఆ ఏడాది జులైలో వచ్చిన హాన్ సెడాన్ దీన్ని పెట్టుకున్న మొదటి కారు.

షోరూము అమ్మాయి నన్ను బ్యాటరీ దగ్గర్నుంచి కదిలించి సీగల్ చూపించింది. 2023లో వచ్చిన చిన్న కారు, అప్పటి ధర 73,800 యువాన్ల నుంచి మొదలు. అంటే మన డబ్బుల్లో తొమ్మిది లక్షలు కూడా లేదు. తలుపు నాలుగైదుసార్లు వేసి తీశాను. హింజి దగ్గర ఊగడం లేదు. ఈ ధరకు ఇంత బిగువైన ఫిట్టింగ్ నేను చూడలేదు.

బుధవారం, పింగ్‌షాన్

కంపెనీ ప్రధాన కార్యాలయం నగరానికి తూర్పున పింగ్‌షాన్ జిల్లాలో ఉంది. షెంజెన్ నార్త్ నుంచి రైల్లో వెళ్లి పింగ్‌షాన్‌లో దిగాం. స్టేషను బయటే స్కైషటిల్ ఎక్కొచ్చు. స్తంభాల మీద కట్టిన సన్నటి దారిలో రబ్బరు టైర్లతో పరుగెత్తే చిన్న రైలు ఇది, డ్రైవరు ఉండడు. దీన్ని తయారుచేసింది కూడా బీవైడీయే. 2022 డిసెంబరులో మొదలైంది, ఎనిమిదిన్నర కిలోమీటర్ల దారి. చివరి స్టేషను పేరే బీవైడీ నార్త్. ముందు అద్దం దగ్గర నిలబడ్డాను. అపార్టుమెంట్ల బాల్కనీలు, ఆరేసిన బట్టలు, ఆ తర్వాత మొదలైన ఫ్యాక్టరీ గోడ.

ముందస్తు అనుమతి లేనివాళ్లను లోపలికి పంపరు. మేం గోడ వెంట నడిచాం. ఆఫీసులు, టెస్టు ట్రాకు, పనివాళ్ల క్వార్టర్లు అన్నీ కలిసి ఓ పట్నంలా ఉంది. భోజనాల వేళకు మెళ్లో కార్డులు వేసుకున్న కుర్రాళ్లు వందల్లో బయటికొచ్చారు. ఎక్కువమందికి పాతికేళ్లుంటాయి. కంపెనీ మొత్తం ఉద్యోగులు 2024లో తొమ్మిది లక్షలు దాటారు. 20 మందితో మొదలైన షెడ్డు అది.

వాళ్లను చూస్తుంటే మనసు కలుక్కుమన్న విషయం ఒకటుంది. 2024 డిసెంబరులో బ్రెజిల్‌లోని కమసారిలో బీవైడీ ఫ్యాక్టరీ కడుతున్న చోట, కాంట్రాక్టరు తెచ్చిన 163 మంది చైనా కూలీలు బానిసత్వంతో సమానమైన స్థితిలో ఉన్నారని అక్కడి కార్మిక అధికారులు బయటపెట్టారు. ఆ కాంట్రాక్టరుతో సంబంధం తెంచుకున్నామని కంపెనీ ప్రకటించింది. కాంట్రాక్టరు ఎవరైనా కట్టేది ఎవరి ఫ్యాక్టరీ అన్నది ముఖ్యం. చేతిపనితో పైకొచ్చిన కంపెనీకి ఆ చేతుల మీద అందరికన్నా ఎక్కువ బాధ్యత ఉండాలి.

గేటు ఎదురుగా నూడుల్స్ కొట్లో కూర్చున్నాం. నాకు శాకాహారమే కావాలని మేనల్లుడు మూడుసార్లు చెప్పి, గుడ్డు, టమాటా వేసి చేయించాడు. గుడ్డు తింటాను కాబట్టి సరిపోయింది. కారప్పొడి డబ్బా ఇచ్చారు, మన గుంటూరు ఘాటు లేదు గానీ వాసన బాగుంది.

తింటూ వాడు అడిగాడు: "మావయ్యా, బ్యాటరీలవాళ్లు కార్లెందుకు మొదలుపెట్టారు? ఫోన్లతోనే బతకొచ్చుగా?" 2003 జనవరిలో హాంకాంగ్ పెట్టుబడిదారులు కూడా ఇదే అడిగారు. షియాన్‌లోని చిన్‌చువాన్ అనే చిన్న ప్రభుత్వ కార్ల కంపెనీలో 77 శాతం కొంటున్నామని వాంగ్ ప్రకటించగానే షేరు కుప్పకూలింది. కార్ల గురించి ఏమీ తెలియని మనిషి ఇదెందుకు తలకెత్తుకున్నాడని అందరూ తిట్టారు. ఆయన ఆలోచన మాత్రం స్పష్టంగా ఉంది. రేపటి కారులో అన్నిటికంటే ఖరీదైన భాగం బ్యాటరీ అవుతుంది, అది మన చేతిలో ఉంది, మిగతాది నేర్చుకుందాం అన్నది ఆ లెక్క. మిగతా కంపెనీలు ఇంజను కట్టడం నేర్చి, తర్వాత బ్యాటరీ వెతుక్కున్నాయి. వీళ్లు బ్యాటరీ చేతపట్టుకుని దాని చుట్టూ కారు కట్టారు. 2008లో నింగ్బోలో ఓ సెమీకండక్టర్ ఫ్యాక్టరీ కూడా కొన్నారు. బ్యాటరీలోని కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే స్విచ్చుల చిప్పులు సొంతంగా చేసుకోవడానికి. అప్పుడు కూడా నష్టమని అన్నారు. 2021లో ప్రపంచమంతా చిప్పుల్లేక కార్ల లైన్లు ఆపుకుంటుంటే ఆ కొనుగోలు విలువ తెలిసొచ్చింది.

2008లోనే ఇంకో మలుపు. సెప్టెంబరులో వారెన్ బఫెట్ కంపెనీ బెర్క్‌షైర్ 23 కోట్ల డాలర్లు పెట్టి పదో వంతు వాటా తీసుకుంది. పట్టుబట్టింది ఆయన భాగస్వామి చార్లీ మంగర్. 2022లో అమ్మడం మొదలుపెట్టి 2025 నాటికి పూర్తిగా బయటికొచ్చేశారు. ఈ మధ్యలో దాని విలువ ఎన్నో రెట్లు పెరిగింది. 2008 డిసెంబరులోనే ఎఫ్3డీఎం అనే కారు వచ్చింది, ప్రపంచంలో మామూలు కొనుగోలుదారుల కోసం భారీగా తయారైన మొదటి ప్లగిన్ హైబ్రిడ్. ధర 1,49,800 యువాన్లు, కొన్నవాళ్లు బహు తక్కువ. బండి కాలానికి ముందొచ్చింది.

గురువారం, రైల్లో

షెంజెన్ నార్త్‌లో పొద్దున్నే ఎక్కితే సాయంత్రానికి షియాన్. రెండు వేల కిలోమీటర్లకు పైనే. గ్వాంగ్‌జౌ, చాంగ్షా, వుహాన్, జెంగ్‌జౌ మీదుగా వెళ్తుంది. చాంగ్షాలో రైలు కాసేపాగింది. వాంగ్ చదివిన ఊరు. ఆయన అప్పటి వయసు పిల్లలు ప్లాట్‌ఫారం మీద బ్యాగులు మోసుకుంటూ పరుగెడుతున్నారు. వుహాన్ దగ్గర యాంగ్‌జీ నది దాటుతున్నప్పుడు మేనల్లుడు నిద్రలేపాడు. వుహాన్ అంటే కోవిడ్ గుర్తుకొస్తుంది. 2020 మొదట్లో మాస్కులు దొరకనప్పుడు బీవైడీ ఇంజనీర్లు మాస్కు యంత్రాలు సొంతంగా కట్టి, మార్చికల్లా రోజుకు 50 లక్షల మాస్కులు చేశారు. అప్పటికి ప్రపంచంలో అంత పెద్ద మాస్కుల తయారీ ఇంకెక్కడా లేదు. యంత్రం కొనుక్కోకుండా కట్టుకునే అలవాటున్న ఇంట్లో ఆ పని తేలికైంది.

జెంగ్‌జౌ దాటాక పొగమంచు. చలి పెరిగింది. స్వెట్టరు తీసి వేసుకున్నాను.

శుక్రవారం, చిన్ చక్రవర్తి సమాధి

షియాన్‌కు వచ్చి, చైనా మొదటి చక్రవర్తి సమాధికి కాపలాగా పాతిపెట్టిన మట్టి సైనికుల్ని చూడకుండా ఎవరూ వెళ్లరు. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డ ఆ సైన్యం ముందు నిలబడితే మాట రాదు. కానీ నా కాళ్లు ఎక్కువసేపు నిలిచింది కంచు రథాల మ్యూజియంలో. 1980లో దొరికిన రెండు రథాలు, అసలు సైజులో సగం. ఒక్కొక్కదానికి నాలుగు గుర్రాలు. ఒక్కో రథంలో మూడు వేలకు పైగా విడిభాగాలు. రెండు వేల రెండొందల ఏళ్ల కిందటి పని.

మొదటి రథంలో నిలబెట్టిన గొడుగు ఉంది. దాని కాడను అడుగున బిగించే పీట దగ్గర వంగి చూశాను. జారే గడియ, అడ్డంగా దూరే పిన్ను. గొడుగును ఎండ వచ్చే వైపు వాల్చి, మళ్లీ బిగించవచ్చు. రెండో రథానికి పక్క కిటికీలున్నాయి, తెరిచి మూసేవి. పగ్గాలు కంచు, బంగారం, వెండి చిన్న ముక్కలు కలిపి అల్లినవి. నా పక్కన బడిపిల్లల గుంపు వచ్చి వెళ్లింది, ఇంకో గుంపు వచ్చి వెళ్లింది. మేనల్లుడు "మావయ్యా, అర్ధగంటైంది" అన్నాడు.

దేశమంతటా బండి ఇరుసుల కొలత ఒకటే ఉండాలని శాసించిన చక్రవర్తి ఈయన. దారుల్లో పడే చక్రాల గాళ్లు ఒకే వెడల్పులో ఉంటే ఏ బండైనా ఏ ఊరికైనా పోగలదు. 2013 డిసెంబరులో బీవైడీ తన కొత్త ప్లగిన్ హైబ్రిడ్‌కు చిన్ అని పేరు పెట్టింది. వంద కిలోమీటర్ల వేగం 5.9 సెకన్లలో అందుకునే సెడాన్. ఆ తర్వాత 2015లో తాంగ్, సోంగ్, 2016లో యువాన్, 2020లో హాన్. రాజవంశాల పేర్లన్నీ బళ్లమీదికొచ్చాయి. చిన్, హాన్, తాంగ్ వంశాల రాజధానులు ఈ షియాన్ చుట్టుపక్కలే ఉండేవి. కార్లు మొదలైన ఊరి చరిత్రనే కార్లకు పెట్టుకున్నారు, నాకది సబబుగా తోచింది.

అంతకుముందు పరిస్థితి వేరు. పార్కింగులో ఓ పాత ఎఫ్3 కనబడింది, రంగు వెలిసి, బంపరు తాడుతో కట్టి. 2005లో షియాన్ ఫ్యాక్టరీలో పుట్టిన మోడల్. ఎటునుంచి చూసినా టయోటా కరోలాయే. కాపీ అన్న మాట నేను కొట్టిపారేయను. బయటి రూపం మరొకరిది తీసుకోవడం ఏ పనివాడికీ పేరు తేదు. అయితే అంతకుముందు సొంతంగా గీసిన 316 అనే మోడల్‌ను డీలర్లు చూసి పెదవి విరిస్తే వాంగ్ దాన్ని మొత్తం పక్కన పడేశాడు. ముందు బండి విప్పి బిగించడం నేర్చుకుందాం అనుకున్నారు. ఎఫ్3 చవక కాబట్టి బాగా పోయింది, 2009లో చైనాలో అత్యధికంగా అమ్ముడైన సెడాన్ అదే. డబ్బొచ్చింది గానీ గౌరవం రాలేదు. ఆ గౌరవం కోసం 2016లో ఆల్ఫా రోమియో, ఆడీల్లో పనిచేసిన వోల్ఫ్‌గాంగ్ ఎగ్గర్‌ను డిజైన్‌కు పెద్దగా తెచ్చారు. 2018 నాటి రెండో తరం తాంగ్‌ను, ఈ ఎఫ్3ని పక్కపక్కన పెడితే ఒకే కంపెనీవంటే నమ్మలేం.

శనివారం, షియాన్

పొద్దున్నే పెద్ద హంస గోపురానికి వెళ్లాం. చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ మన దేశం నుంచి మోసుకెళ్లిన గ్రంథాల కోసం 652లో కట్టించారు. ఆయన మన ధాన్యకటకానికి, అంటే అమరావతికి వచ్చాడు. అక్కడి ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలు చదువుకున్నాడని ఆయన జీవితచరిత్ర చెబుతోంది. మా ఊరి పక్కనుంచి నడిచి వెళ్లిన మనిషి గుడి ముందు దండం పెట్టుకున్నాను. అంతదూరం వచ్చి నేర్చుకుని వెళ్లిన వాళ్లంటే నాకు మొదట్నుంచీ భక్తి.

మధ్యాహ్నం ట్యాక్సీ చేసుకుని హైటెక్ జోన్‌లోని బీవైడీ ఫ్యాక్టరీ వైపు వెళ్లాం. 2003లో కొన్న చిన్‌చువాన్ కంపెనీ సుజుకీ ఆల్టోను బిగించేది. ఆ ఆల్టో ఏదో కాదు, మన రెండో తరం మారుతి 800 శరీరమే. దాని ఛాసిస్ మీద వేరే బాడీ కట్టిన ఫ్లయర్ అనే చిన్న కారు అప్పటికి మార్కెట్లో ఉంది. బీవైడీ బోర్డుతో అమ్ముడైన మొదటి కారు అదే, మూడు సిలిండర్ల 800 సీసీ ఇంజనుతో. నేను ఆటోనగర్‌లో ఏ ఇంజను మీద చేతులు కాల్చుకుని పని నేర్చానో, వీళ్లు దాని దాయాది మీదే కార్ల పని నేర్చారు. ఫ్యాక్టరీ గోడ చూస్తూ ఈ మాట మేనల్లుడితో అంటే, "అమ్మకు చెప్పాలి, మన పాత మారుతి గుర్తుందా అని" అన్నాడు.

ఈ ఊళ్లో కంపెనీకి మచ్చ కూడా ఉంది. 2010లో సాగుభూమిలో అక్రమంగా ఫ్యాక్టరీ కట్టారని కేంద్ర భూమి శాఖ కట్టడాలను స్వాధీనం చేసుకుని జరిమానా వేసింది. అదే ఏడాది సరుకు అంటగడుతున్నారని డీలర్లు ఒక్కొక్కరే దుకాణం మూసి పోయారు. ఎనిమిది లక్షల కార్లు అమ్ముతామని చెప్పి ఐదు లక్షల చిల్లర దగ్గర ఆగారు. ఆ తర్వాత పదేళ్లు ఎదుగూ బొదుగూ లేదు. 2020లో అమ్మింది 4 లక్షల 27 వేలే. బ్లేడ్ వచ్చాక 2022లో 18 లక్షలు, 2023లో 30 లక్షలు, 2024లో 42 లక్షలు దాటింది. 2022 మార్చిలో ఉత్త పెట్రోలు కార్లు చేయడం ఆపేశారు. 2023 చివరి మూడు నెలల్లో బ్యాటరీ కార్ల అమ్మకాల్లో టెస్లాను దాటారు.

మేమెక్కిన ట్యాక్సీ చిన్ ప్లస్ డీఎం-ఐ. నడివయసు డ్రైవరు, బండి బాగా చూసుకుంటున్నాడు. నేను మెకానిక్‌నని మేనల్లుడు చెప్పగానే పక్కకు ఆపి బోనెట్ ఎత్తాడు. లోపల లీటరున్నర పెట్రోలు ఇంజను. ఊళ్లో తిరిగినంతసేపు దాని పని ఎక్కువగా జనరేటరు తిప్పి బ్యాటరీకి కరెంటివ్వడమే, చక్రాలు తిప్పేది మోటారు. హైవే మీద వేగం అందుకున్నాకే క్లచ్చు కలిసి ఇంజను కూడా చక్రాలకు సాయపడుతుంది. మనకు తెలిసిన గేరుబాక్సు లేదు. ఇంజను తనకు అనువైన వేగంలోనే తిరుగుతుంది కాబట్టి, పెట్రోలులోని శక్తిలో 43 శాతం పనిగా మారుతుందని కంపెనీ చెబుతోంది. మన మామూలు పెట్రోలు ఇంజన్లు ఆ దరిదాపుల్లో ఉండవు. 2024 ఫిబ్రవరిలో దీని ధరను 79,800 యువాన్లకు దించేసరికి చాలా పెట్రోలు కార్ల కంపెనీలకు రేట్లు తగ్గించక తప్పలేదు.

బండి స్టార్టులోనే ఉంది, ఇంజను మాత్రం తిరగడం లేదు. బెల్టు కోసం వెతికాను. ఆల్టర్నేటరు బెల్టు లేదు, స్టార్టరు మోటారు లేదు. ఇంజను ఆన్ చేయమని అడిగితే డ్రైవరు లోపల బటన్లేవో నొక్కాడు. ఇంజను లేచింది. బ్లాకు మీద చెయ్యి పెట్టి చూశా, వణుకు చాలా తక్కువ. "ఇందులో ఎక్కువగా ఏం పాడవుతుంది?" అని అడిగించాను. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిందట. టైర్లు రెండుసార్లు మార్చాడట, బ్రేకు ప్యాడ్లు ఇంకా కంపెనీవేనట, మోటారే బండిని ఆపుతుంది కదా అన్నాడు. ఓ సస్పెన్షన్ బుష్ పోయిందట, అది ఎక్కడ వేశారో వేలితో చూపించాడు.

ఇంతలో అతని ఫోను మోగింది, ఇంకో బుకింగు. బోనెట్ వేసి, మమ్మల్ని కోట గోడ దక్షిణ ద్వారం దగ్గర దింపి వెళ్లిపోయాడు. రేపు పొద్దున షెంజెన్ రైలు. హువాచియాంగ్‌బెయ్‌లో హైవోల్టేజ్ పనికి వాడే ఇన్సులేటెడ్ గ్లవ్స్, పానా సెట్టు దొరుకుతాయని మేనల్లుడు వాకబు చేశాడు. షెడ్డులో కుర్రాళ్లకు తలా ఒక జత తీసుకోవాలి.